లోపల ఏం మాట్లాడిందో చెప్పదు, బయట మార్పు కనిపించదు: థెరపీ మానిపించాలా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్తే. మాది హనుమకొండ. ఒక్కతే అమ్మాయి, పద్నాలుగేళ్ళు, తొమ్మిదో తరగతి. ఎనిమిది దాకా ఇంటి దగ్గరి చిన్న స్కూల్లో చదివింది. ఈ జూన్‌లో పెద్ద స్కూల్లో చేర్పించాం. దసరా సెలవుల తర్వాత నుంచి పొద్దున లేవగానే కడుపునొప్పి, వాంతి వచ్చేలా ఉంది అంటుంది. స్కూలుకు వద్దులే అంటే గంటలో తగ్గిపోతుంది. ఆదివారం అసలు ఉండదు. స్కానింగ్, రక్తపరీక్షలు అన్నీ చేయించాం, ఏమీ లేదన్నారు. పిల్లల డాక్టరు గారే సైకాలజిస్టు దగ్గరికి పంపారు. మూడు సెషన్లు అయ్యాయి. ప్రతిసారీ నన్ను బయట కూర్చోబెడతారు. ముప్పావు గంట తర్వాత బయటికొచ్చిన పిల్లను ఏం మాట్లాడారే అంటే "ఏం లేదు" అంటుంది. తల్లికి చెప్పనిది ఎవరో మనిషికి చెప్తోందంటే నాకు కష్టంగా ఉంది. కింద మా ఆయనకు ఎరువులు, పురుగుమందుల షాపు, పైన ఇల్లు. "కబుర్లకు ఇంత ఫీజా, అదంతా నాటకం, రెండు తగిలిస్తే పోతుంది" అంటారు. మా అత్తమ్మ గాలి సోకిందని తాయెత్తు కట్టించింది. ఆడపిల్ల, రేపు సంబంధాలు చూసేటప్పుడు ఈ సంగతి బయటికొస్తే ఎలా అని ఆడబిడ్డ అంటోంది. మొన్న కోపంలో "నేను లేకపోతే మీకు హాయిగా ఉంటుంది" అని తలుపేసుకుంది. ఈమధ్య ఒక నోట్‌బుక్‌లో ఏదో రాసుకుంటోంది. చూడొచ్చా? సెషన్లు మానిపించేయమంటారా?
— ఒక అమ్మ

సమాధానం: అమ్మా, మానిపించకండి. ఎందుకో తర్వాత చెప్తాను. ముందు మీరు ఉత్తరం చివర్లో, వేరే మాటల మధ్య రాసేసిన ఒక సంగతి మాట్లాడుకోవాలి. "నేను లేకపోతే మీకు హాయిగా ఉంటుంది" అని పాప అన్నదన్నారు. కోపంలో పిల్లలు చాలా అంటారు, నిజమే. చాలాసార్లు ఆ మాటకు అర్థం నా బాధ మీకు పట్టడం లేదనే. కానీ అదే అర్థమని మనకు మనమే అనుకుని వదిలేయకూడదు. అడగాలి. మీరిద్దరే ఉన్న సమయం చూసుకోండి. కంగారు పడకుండా, "ఆ రోజు అలా అన్నావు కదా, చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపిస్తోందా?" అని సూటిగానే అడగండి. అడిగితే లేనిపోని ఆలోచన మనమే పెట్టినట్టవుతుందని తల్లులు భయపడతారు. అలా జరగదు. మనసులో అలాంటిది ఉన్న పిల్లకు, ఎవరో ఒకరు సూటిగా అడిగినందుకు బరువు దిగినట్టుంటుంది. లేని పిల్ల "ఛీ, అదేం లేదమ్మా" అంటుంది, అంతే.

అవునంటే మాత్రం ఏడవకండి, ఒట్లు వేయించుకోకండి, మేం నీకేం తక్కువ చేశామని మొదలుపెట్టకండి. "చెప్పి మంచి పని చేశావు, నేనున్నాను" అనండి. తనను ఒంటరిగా వదలకండి. ఆ రోజే సైకాలజిస్టుకు ఫోన్ చేయండి. ఆవిడ దొరక్కపోతే టెలీ మానస్ ఉంది, 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఉచిత సేవ, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. పరిస్థితి చేయిదాటేలా ఉంటే నేరుగా వరంగల్‌లోని మీ ఎం.జి.ఎం. ప్రభుత్వ ఆసుపత్రి క్యాజువాలిటీకి తీసుకెళ్ళండి. పోలీసు కేసవుతుందని ఎవరైనా భయపెడితే వినకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చాక, ప్రాణం తీసుకోబోయిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్న మనిషిగానే చూడాలి, శిక్షించకూడదు. ఏం జరిగినా జరగకపోయినా, పాప అన్న ఆ మాటను నాలుగో సెషన్‌కు ముందే సైకాలజిస్టుకు మీరు చెప్పి తీరాలి. లోపలి మాటలు మీకు చెప్పకపోవడం ఆవిడ పద్ధతి. బయట జరిగినవి ఆవిడకు చెప్పకపోవడం మాత్రం పద్ధతి కాదు.

ఇంకొకటి. కింద పురుగుమందుల షాపు, పైన ఇల్లు అన్నారు. అది చదవగానే నాకు గుబులు పుట్టింది. పాపకు అలాంటి ఆలోచన ఉందని నేననడం లేదు. కానీ ఈ వయసు పిల్లల్లో చావు ఆలోచన చాలాసార్లు ఒక్క ఉక్రోషంలో వస్తుంది, కాసేపట్లో పోతుంది. ఆ కాసేపు చేతికి ఏమీ అందకపోతే పిల్ల బతుకుతుంది. మన పల్లెల్లో, చిన్న ఊళ్ళలో పురుగుమందు అందుబాటులో ఉండటం వల్లే పోయిన ప్రాణాలు ఎన్నో మీకూ తెలుసు. ఈ పని మీవారికి అప్పజెప్పండి. స్టాక్ అంతా షాపులోనే, తాళంలో ఉండాలి. మెట్ల కింద, మేడమీద, స్నానాల గదిలో మిగిలిపోయిన డబ్బాలేమీ ఉండకూడదు. తాళంచెవి ఆయన జేబులో ఉండాలి, గూట్లో మేకుకు కాదు. అత్తమ్మగారి బీపీ, షుగరు మాత్రలు, నిద్రమాత్రలు ఉంటే అవి కూడా అలాగే. థెరపీ మీద నమ్మకం లేని తండ్రి కూడా దీనికి అడ్డు చెప్పరు.

ఇక ఆ మూసిన తలుపు సంగతి.

మీ కష్టం నాకు అర్థమవుతోంది. జ్వరమొస్తే నుదుటిమీద చెయ్యి వేసి చెప్పగలిగిన తల్లి మీరు. ఇప్పుడు వరండాలో కుర్చీలో కూర్చుని గోడ గడియారం చూడాల్సి వస్తోంది. కానీ పద్నాలుగేళ్ళ పిల్ల మనసులో ఉన్నవాటిలో సగం మీ గురించే ఉంటాయి. మీకు బాధ కలుగుతుందని మీ ముందు చెప్పలేనివి. కొత్త స్కూలుకు నాన్న ఎంత ఫీజు కట్టారో తనకు తెలుసు. అక్కడ తనకు బాగోలేదని మీతో అనగలదా? మీరు ఏడుస్తారు, ఆయన అరుస్తారు, నానమ్మ దిష్టి తీస్తుంది. సైకాలజిస్టు ఈ మూడూ చేయదు. పరాయి మనిషి కావడమే అక్కడ పనికొచ్చే గుణం. తల్లి మీద ప్రేమ తగ్గి అక్కడ మాట్లాడుతోందని అనుకోకండి.

మూడు సెషన్లలో ఏం జరిగి ఉంటుందో నేను ఊహించగలను. మొదటి సెషన్లో పాప నేలచూపులు చూస్తూ ఒక్కో మాట చెప్పి ఉంటుంది. రెండోదాంట్లో ఇష్టమైన సబ్జెక్టు, పాత స్నేహితురాళ్ళు, బొమ్మలు వేయడం, ఏదో ఆట. మీవారు "కబుర్లు" అన్నది దీన్నే అయితే, ఆయన మాటలో కొంత నిజముంది, అవి కబుర్లే. ఆ కబుర్ల మధ్యలోంచే ఆవిడ నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, నొప్పి ఏ రోజు ఎక్కువ, ఏ పీరియడ్ అంటే భయం అని ఒక్కొక్కటే పోగుచేసుకుంటుంది. అసలు పని మూడో సెషన్‌కో నాలుగో సెషన్‌కో మొదలవుతుంది. అక్కడికి చేరే సమయానికి ఆపేస్తే మీరు కట్టిన ఫీజు నిజంగానే కబుర్లకు కట్టినట్టవుతుంది.

బయటికి రాగానే "ఏం మాట్లాడారు?" అని అడగడం మానేయండి. "ఆకలేస్తోందా, ఏమైనా తిని వెళ్దామా?" అనండి. బండి మీద ఇంటికొచ్చే దారిలో తనంతట తను ఏదైనా చెప్తే వినండి. చెప్పకపోతే ఆ నిశ్శబ్దాన్ని అలాగే ఉండనివ్వండి. చెప్పినప్పుడు కూడా "మరి ఇది నాకెందుకు చెప్పలేదు?" అనే మాట నోటిదాకా వస్తుంది. మింగేయండి.

అలాగని మీకు ఏమీ తెలియకూడదని కాదు. పాప మైనరు, వైద్యానికి ఒప్పుకోవాల్సింది తల్లిదండ్రులు. మీరు కొన్ని అడగొచ్చు, అడగాలి. పాపకు ఉన్నది ఏమిటని అనుకుంటున్నారు? ఏ పద్ధతిలో పనిచేస్తున్నారు? ఎన్ని వారాల్లో ఏ మార్పు చూడాలి? ఇంట్లో మేం ఏం చేయాలి, ఏం మానాలి? ప్రాణానికి ముప్పు ఏమైనా కనిపిస్తోందా? వీటికి జవాబు చెప్పని థెరపిస్టుతో మాత్రం పేచీ పెట్టుకోండి. రెండు మూడు సెషన్లకు ఒకసారి పది నిమిషాలు తల్లిదండ్రులకు కేటాయించమని అడగండి. ఆ పది నిమిషాల్లో ఏమేం చెప్తారో పాపకు ముందే తెలిసి ఉండాలి. లోపలి మాటలు దాచడానికి కూడా హద్దు ఉంది. పిల్ల తనకు తాను హాని చేసుకునేలా ఉంటే, లేదా పిల్లకు ఎవరైనా హాని చేస్తున్నారని తేలితే, థెరపిస్టు చెప్పి తీరాలి. లైంగిక వేధింపు అయితే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు కూడా తెలియజేయాలి. మంచి థెరపిస్టులు ఈ హద్దును మొదటి రోజే పిల్లకూ తల్లిదండ్రులకూ చెప్తారు. మీకు చెప్పారో లేదో ఉత్తరంలో లేదు. చెప్పకపోతే అడగండి.

నాటకం అన్న మాటకు వద్దాం, ఎందుకంటే మీకు కూడా మనసులో ఎక్కడో ఆ అనుమానం ఉందనిపించింది. "వద్దులే అంటే గంటలో తగ్గిపోతుంది" అని మీరు రాశారు. అది నాటకానికి సాక్ష్యంలా కనిపిస్తుంది. నిజానికి ఆందోళనకు గుర్తు అదే. కడుపులో, పేగుల్లో నరాలు దట్టంగా అల్లుకుని ఉంటాయి, మెదడుతో ఎప్పుడూ మాట్లాడుతూనే ఉంటాయి. భయం పుట్టగానే ఒంట్లో ఊరే హార్మోన్లు పేగుల కదలికను మార్చేస్తాయి. పరీక్ష హాలు ముందు మనకు కడుపులో తిప్పినట్టుండటం, పెళ్ళిచూపుల రోజు ముద్ద దిగకపోవడం ఇదే. నొప్పి నిజం. స్కానింగ్‌లో కనపడేది రాయో, వాపో. భయం అక్కడ కనపడదు. భయం పోగానే నొప్పి పోవడం, ఆదివారం లేకపోవడం, నేననుకోవడం ఆదివారం సాయంత్రానికి మళ్ళీ ముఖం వాడిపోవడం, అన్నీ ఒకే కథ చెప్తున్నాయి. ఇదేమీ మీ ఇంట్లోనే వచ్చిన వింత కాదు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వేలో 13 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ సర్వేలో లేవు. ఉంటే అంకె తగ్గేదని మాత్రం నేననుకోను.

ఇప్పుడు అసలు చిక్కు. పొద్దున నొప్పి అంటుంది. మీకు జాలేసి ఆగిపొమ్మంటారు. భయం పోతుంది, నొప్పి పోతుంది. పాప మెదడు ఆ రోజు ఒక పాఠం నేర్చుకుంటుంది: స్కూలు ప్రమాదం, ఇల్లు క్షేమం, నొప్పి చెప్తే క్షేమం దొరుకుతుంది. ఇది తెలివిగా వేసిన ఎత్తు కాదు, తనకు తెలియకుండానే జరిగేది. మర్నాడు భయం ఇంకాస్త పెరుగుతుంది. పోనీ రెండు తగిలించి ఆటోలో కూర్చోబెడితే? భయానికి అవమానం తోడవుతుంది, నొప్పి మధ్యాహ్నానికి కూడా పాకుతుంది. జాలికీ దెబ్బకూ మధ్యలో మూడో దారి ఒకటుంది. మీ సైకాలజిస్టు సీబీటీ, అంటే ఆలోచనలనూ ప్రవర్తననూ మెల్లగా మార్చే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ చేస్తున్నట్టయితే, త్వరలో ఆ దారే చూపిస్తుంది. లోతు నీళ్ళంటే భయపడే పిల్లకు చెరువు గట్టున మెట్టు మెట్టు దింపి ఈత నేర్పినట్టే ఉంటుంది.

ఉదాహరణకు మొదటి మెట్టు: వారం రోజులపాటు పొద్దున మామూలు టైముకు లేచి, స్నానం చేసి, యూనిఫాం వేసుకుని టిఫిన్‌కు కూర్చోవడం. అంతే. తర్వాత స్కూలు గేటు దాకా వెళ్ళి పావుగంట ఉండి రావడం. ఆ తర్వాత తనకు నచ్చిన టీచరు పీరియడ్ ఒక్కటి. తర్వాత లంచ్ దాకా. మెట్లు ఎన్ని, ఏది ముందు అన్నది పాపతో కూర్చుని సైకాలజిస్టే రాయిస్తుంది. ఒక్కో మెట్టు దగ్గర భయం పదికి ఎంత ఉందో పాపే మార్కులు వేసుకుంటుంది. ఒక చోట పారిపోకుండా నిలబడితే భయం దానంతట అది దిగుతుందని ఒంటికి తెలియాలి. చెప్తే తెలిసే విషయం కాదిది, నిలబడితేనే తెలుస్తుంది. అందుకే మెట్లు మొదలైన వారం నొప్పి కాస్త పెరగొచ్చు. ఆ వారమే చాలామంది తల్లిదండ్రులు "దీంతో ఇంకా ఎక్కువైంది" అని మానిపించేస్తారు. ముందే చెప్తున్నాను.

పొద్దున పూట మీరు ఏం మాట్లాడాలో కూడా ముఖ్యమే. "ఏం కాదులే, ఏం కాదులే" అని పదిసార్లు అనకండి. అవుతుందేమోనన్న అనుమానం అలాగే గట్టిపడుతుంది. "నొప్పిగా ఉందని తెలుసు. భయంగానూ ఉంది కదా. ఇవాళ మనం అనుకున్నది గేటు దాకా. వెళ్దాం పద" అనండి. ఒక్కసారి చాలు, మామూలు గొంతుతో. నొప్పి గురించి మళ్ళీ మళ్ళీ ఆరా తీయొద్దు. ఇంట్లో ఉండిపోయిన రోజు స్కూలు టైములో టీవీ, ఫోను ఉండకూడదు. శిక్షగా కాదు, స్కూలు టైము స్కూలు టైమే కాబట్టి. పుస్తకాలు, కాస్త ఇంటిపని. సాయంత్రం ఫోను ఇవ్వండి. పాత స్కూలు స్నేహితురాళ్ళతో మాట్లాడటం తనకు ఇప్పుడు చాలా అవసరం. రాత్రి పడుకునేటప్పుడు మాత్రం ఫోను మీ గదిలో ఉండాలి, మీవారి ఫోనుతో సహా. అందరికీ ఒకే రూలైతే గొడవ ఉండదు.

మెట్లు ఎక్కించే ముందు పైన ఏముందో చూడాలి కదా. ఎనిమిదో తరగతి దాకా హుషారుగా వెళ్ళిన పిల్ల, జూన్‌లో కొత్త స్కూలు, దసరా తర్వాత నొప్పి. మధ్యలో ఆ నాలుగు నెలల్లో అక్కడేదో జరిగి ఉండొచ్చు. పాత స్కూల్లో టీచర్లు తెలుగులో వివరించేవారా? ఇక్కడ లేచి ఇంగ్లిష్‌లో చదవమంటే తడబడి, క్లాసంతా నవ్విందా? మార్కుల ప్రకారం సెక్షన్లు మార్చే అలవాటు ఉన్న స్కూలా? ఎవరైనా పేరు పెట్టి ఏడిపిస్తున్నారా? ఆడపిల్లల విషయంలో ఎవరూ అడగని ప్రశ్న ఇంకోటి: బాత్రూములు ఎలా ఉన్నాయి, నెలసరి రోజుల్లో క్లాసు మధ్యలో వెళ్ళనిస్తారా? పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నీళ్ళు తాగకుండా బిగబట్టుకునే పిల్లలు మన స్కూళ్ళలో ఎంతమందో. ఆ ఇబ్బంది తీరితే వాళ్ళలో కొందరి కడుపునొప్పి సగం అక్కడే తగ్గుతుంది.

ఇవి మీరు విచారణలా అడిగితే చెప్పదు. సైకాలజిస్టు ద్వారా తెలియనివ్వండి. తెలిశాక క్లాస్ టీచరును కలవండి, పాపకు చెప్పే కలవండి. "మా అమ్మాయి ఆందోళనకు వైద్యం తీసుకుంటోంది, కొన్ని వారాలు సగం రోజు వస్తుంది, క్లాసులో లేపి చదివించకండి, అవసరమైతే ఐదు నిమిషాలు బయటికి వెళ్ళనివ్వండి" అని సైకాలజిస్టు రాసిచ్చిన లెటరు ఇవ్వండి. అటెండెన్స్‌కు కూడా అది పనికొస్తుంది. స్కూల్లో కౌన్సెలర్ ఉన్నారా అని అడగండి. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న పదిహేడేళ్ళ విద్యార్థిని 2023లో చనిపోయిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద, అంతకు మించి విద్యార్థులున్న చోట అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఒకరైనా ఉండాలని అందులో ఉంది. కోచింగ్ సెంటర్లు కూడా అందులోకి వస్తాయి. ఎన్ని స్కూళ్ళు పాటిస్తున్నాయన్నది వేరే మాట. తల్లిదండ్రులు అడగడం మొదలుపెడితే తప్ప కదలని వాటిలో ఇదొకటి. ఆ స్కూలే పిల్లకు పడటం లేదని తేలితే మార్చడం కూడా ఓటమేమీ కాదు. కానీ ఆ నిర్ణయం నొప్పి మధ్యలో, ఒక పొద్దునపూట తీసుకోకండి.

మీవారి గురించి. ఆయన్ని ఒప్పించడానికి వాదించొద్దు, ఒక్కసారి సైకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్ళండి. పాప లేకుండా మీరిద్దరే. మీరు చెప్తే వినని మాట బల్ల అవతలి మనిషి చెప్తే వింటారు, మగవాళ్ళతో ఇది నేను చాలాసార్లు చూశాను. ఆయనకు ఒక పని కూడా ఇవ్వండి. గేటు దాకా వెళ్ళే మెట్టు వచ్చినప్పుడు బండి మీద తీసుకెళ్ళేది ఆయనే అయితే బాగుంటుంది. గేటు దగ్గర తల్లిని వదిలి వెళ్ళడం కంటే తండ్రిని వదిలి వెళ్ళడం కొందరు పిల్లలకు సులువు. కొడితే పోతుందన్న ఆలోచన మాత్రం ఈ ఇంట్లో ఇక వినిపించకూడదు. అది మీరు గట్టిగానే చెప్పాలి.

అత్తమ్మగారి తాయెత్తు ఉండనివ్వండి. దానితో ఏ నష్టమూ లేదు, మనవరాలి మీద ఆవిడకున్న ప్రేమ అది. "గాలి సోకింది" అనే మాట మాత్రం పాప ముందు వద్దని మీవారి చేత చెప్పించండి. తనలోకి ఏదో దూరిందన్న భయం కూడా తోడైతే పద్నాలుగేళ్ళ పిల్ల మోయలేదు. మందులు, సెషన్లు ఆపి పూజలకు తిరగమంటే మాత్రం ఒప్పుకోకండి.

సంబంధాల బెంగ మీ ఆడబిడ్డది. పాపకు పద్నాలుగేళ్ళు. ఈ మాటకు నా దగ్గర ఇంతకంటే మర్యాదైన జవాబు లేదు. చట్టం సంగతి అడిగితే, వైద్యం వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు 2017 చట్టమే ఇచ్చింది. ఏ సర్టిఫికెట్లోనూ ఇది రాదు. ఎవరికి చెప్పాలో, చెప్పకూడదో పాప కూడా చెప్పాలి. ఫంక్షన్లలో చుట్టాల మధ్య తన గురించి చర్చ పెట్టకండి. ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో పాపకు ఒక వాక్యం ఇచ్చి ఉంచండి: "కడుపునొప్పికి డాక్టరు దగ్గరికి వెళ్తున్నా, తగ్గుతోంది." అది అబద్ధం కూడా కాదు.

మీరు వెళ్తున్న మనిషి అర్హత ఏమిటో ఉత్తరంలో లేదు కాబట్టి ఇది కూడా చెప్తాను. క్లినికల్ సైకాలజిస్టు అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐలో రిజిస్ట్రేషన్ ఉంటుంది, నంబరు అడగొచ్చు. వాళ్ళు మాటలతో వైద్యం చేస్తారు, మందులు రాయరు. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ తర్వాత ఆ విభాగంలో పీజీ చేసిన డాక్టరు, మందులు రాస్తారు. కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకున్నవాళ్ళలో బాగా చదువుకున్నవాళ్ళూ ఉన్నారు, రెండు రోజుల కోర్సు చేసినవాళ్ళూ ఉన్నారు. ఏం చదివారని అడగడం తప్పు కాదు. వేలిముద్రలు తీసుకుని పిల్ల తెలివి చెప్పేవాళ్ళు, మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్ అని కళ్ళకు గంతలు కట్టేవాళ్ళు మన ఊళ్ళలో స్కూళ్ళ దాకా వచ్చేశారు. వాటికి శాస్త్రం ఏమీ లేదు, ఆ డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి. ఫీజు నిజంగా భారమైతే ఎం.జి.ఎం.లో సైకియాట్రీ విభాగం ఉంది. హైదరాబాద్ ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. రద్దీ, వెయిటింగ్ ఉంటాయి, అయినా ఆపేయడం కంటే మేలు.

ఒకవేళ సైకాలజిస్టు మిమ్మల్ని సైకియాట్రిస్టు దగ్గరికి పంపితే జబ్బు ముదిరిపోయిందని అనుకోకండి. ఆందోళన ఎక్కువగా ఉన్న పిల్లల్లో కొందరికి మందు, థెరపీ రెండూ కలిపితే మేలు. ఆందోళన తగ్గడానికి సాధారణంగా ఇచ్చే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదటి వారాల్లో చిరాకు, నిద్రలేమి, చావు ఆలోచనలు పెరుగుతున్నాయేమో దగ్గరగా గమనించాలి. తేడా కనిపిస్తే వెంటనే డాక్టరుకు చెప్పాలి. బాగుందని మీ అంతట మీరు ఆపకూడదు.

ఎంతకాలం అంటే, ఇలాంటి ఆందోళనకు వారానికొకటి చొప్పున పది, పదిహేను సెషన్లు పట్టడం మామూలే. మూడింటికే మార్పు వెతకడం తొందరే. మార్కులు చూసి కొలవకండి, అవి అన్నిటికంటే చివర వస్తాయి. రాత్రి త్వరగా నిద్రపోతోందా? అందరితో కూర్చుని తింటోందా? ఏదో విషయానికి మీతో పోట్లాడుతోందా? మాట్లాడకుండా తలుపేసుకునే పిల్ల ఎదురుచెప్పడం మొదలుపెడితే దాన్ని మంచి లక్షణంగానే లెక్కేయండి. ఏడెనిమిది సెషన్ల తర్వాత కూడా ఏ కదలికా లేకపోతే, పాపకు ఆవిడంటే నమ్మకం కుదరకపోతే, అప్పుడు వేరే థెరపిస్టును చూడొచ్చు. ముందు ఆవిడతోనే ఆ మాట మాట్లాడి.

చివరగా నోట్‌బుక్. చూడకండి. ఇప్పటికే చూసి ఉంటే, చూశానని మీరే చెప్పి క్షమించమనండి. దాస్తే ఎలాగూ పట్టేస్తుంది, అప్పుడిక రాయదు. ప్రాణానికి ముప్పు ఉందని గట్టి అనుమానం వచ్చిన రోజు మాత్రమే తెరవొచ్చు, ఆ తర్వాత ఎందుకు తెరిచారో తనకు చెప్పాలి. ఈమధ్యే రాయడం మొదలుపెట్టిందన్నారు కదా, అది సైకాలజిస్టు ఇచ్చిన హోంవర్కు అయినా కావచ్చు. భయం ఎప్పుడు వచ్చింది, పదికి ఎంత, ఆ నిమిషంలో మనసులో ఏ మాట నడిచింది అని రాసుకురమ్మని సీబీటీలో అడుగుతారు. నాలుగో సెషన్‌కు బయలుదేరేటప్పుడు దాన్ని బ్యాగులో పెట్టుకుందో లేదో గుర్తుచేయండి, చాలు.